కూరగాయల మీది పురుగుమందు: కడిగితే పోయేదెంత, సేంద్రియం కొనాల్సినవేవి?

"ఉప్పునీళ్లలో ఎంతసేపు నానబెట్టాలి?", "వంట సోడా మంచిదా, చింతపండు మంచిదా?", "మా కాలనీలో కొత్తగా ఆర్గానిక్ దుకాణం తెరిచారు, నమ్మవచ్చా?" పాఠకులు పదేపదే అడిగేవి ఈ మూడు ప్రశ్నలే. వీటికి విడివిడిగా జవాబు చెబితే ప్రయోజనం తక్కువ. కడగడం వల్ల ఏది పోతుందో, ఏది పోదో తెలిస్తేనే సేంద్రియం పేరుతో అదనంగా పెట్టే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. కాబట్టి మూడింటినీ కలిపి, హైదరాబాద్ బజార్లను, మన వంటను దృష్టిలో పెట్టుకుని వరుసగా చెబుతున్నాను.

ఇది చదివి భయపడి కూరలు తినడం తగ్గించవద్దు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారి రోజువారీ పళ్లెంలో సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలి. మనలో చాలామంది అందులో సగమైనా తినడం లేదు.

## 1. మందు కాయ మీద ఉందా, లోపల ఉందా?

పొలంలో కొట్టే మందుల్లో కొన్ని ఆకు మీద, కాయ మీద పడి అక్కడే ఉండిపోతాయి. వీటిని స్పర్శ మందులంటారు. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్, తెగుళ్లకు వాడే మాంకోజెబ్ ఈ కోవలోవి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, ఎసిఫేట్, కార్బెండజిమ్ వంటివి అంతర్వాహిక మందులు. మొక్క వీటిని పీల్చుకుంటుంది, రసంతో పాటు అవి కొమ్మకూ కాయకూ చేరతాయి.

మొదటి రకం నీళ్లకు, రాపిడికి చాలావరకు పోతుంది. రెండో రకాన్ని ఏ పొడి కలిపిన నీళ్లూ పూర్తిగా బయటికి లాగలేవు. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు యాపిల్ పండ్లకు రెండు మందులు పూసి, వంట సోడా నీళ్లలో కడిగి చూశారు. పావుగంటలోపు తొక్క మీది మందు పోయింది. అయితే అందులో ఒక మందు అప్పటికే దాదాపు ఐదో వంతు తొక్క కిందికి దిగిపోయింది. దాన్ని సోడా నీళ్లు తాకలేదు.

ఇలా పంటలో మిగిలిపోయే మందును అవశేషమంటారు. అవశేషం కనిపించడం, పరిమితి దాటడం ఒకటి కావు. ఏ పంటలో ఏ మందు ఎంత మించకూడదో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నిర్ణయిస్తుంది. విడిగా పరిమితి పెట్టని మందుకు సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్క.

పరిమితి దాటడానికి ముఖ్య కారణాల్లో ఒకటి గడువు పాటించకపోవడం. చివరి పిచికారీకి, కోతకు మధ్య ఎన్ని రోజులు ఆగాలో మందు డబ్బా వెంట ఇచ్చే కాగితంలో ఉంటుంది. ఉల్లిగడ్డ, కంద ఒకేసారి తవ్వే పంటలు, కాబట్టి ఆగడం సులభం. బెండ, వంకాయ, పచ్చిమిర్చి అలా కావు. ఒకవైపు కాయ కోస్తుంటే మరోవైపు పూత, పిందె, వాటి మీద పురుగు. రెండు మూడు రోజులకోసారి కోసే బెండతోటలో వారం గడువున్న మందు కొడితే రైతు రెండు కోతలు వదులుకోవాలి. బజారులో ధర ఉన్న వారంలో ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారు? రైతును తిట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. కూరల్ని వేరు చేయడానికి ఇంతకంటే పనికొచ్చే సూత్రం లేదు.

## 2. సంచిని మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప, సేంద్రియానికి డబ్బు పెట్టదగ్గవి:

- కరివేపాకు, కొత్తిమీర, పుదీనా
- పాలకూర, తోటకూర, గోంగూర
- పచ్చిమిర్చి, క్యాప్సికం
- బెండ, వంకాయ, టమాటా
- ద్రాక్ష

ఇవన్నీ తొక్కతో, ఆకుతో సహా తినేవి. కొన్ని పచ్చిగానే తింటాం. కరివేపాకును మనం లెక్కలోకే తీసుకోం, కానీ మన దేశం నుంచి వెళ్లే కరివేపాకు, బెండకాయలను ఐరోపా సంఘం మందు అవశేషాల కోసం ప్రత్యేక తనిఖీ జాబితాలో పెట్టింది.

రెండో కుప్ప, మామూలువి కొని శ్రద్ధగా కడిగితే సరిపోయేవి: దొండ, కాకర, చిక్కుడు, గోరుచిక్కుడు, బీన్స్, క్యాబేజీ, కాలీఫ్లవర్, కీర, యాపిల్, జామ.

మూడో కుప్ప, సేంద్రియం కోసం వెతకనక్కర లేనివి: ఉల్లి, వెల్లుల్లి, కంద, చేమ, చిలగడదుంప, సొర, బీర, గుమ్మడి, అరటికాయ, కొబ్బరి, బొప్పాయి, పుచ్చ, సీతాఫలం. తొక్క తీసేస్తాం, లేదా మందు పడే భాగాన్ని తినం.

ఇప్పుడు ఈ జాబితాను మీ ఇంటి అలవాట్ల ప్రకారం సవరించుకోండి. ఈ అడుగును చాలామంది వదిలేస్తారు. బీరకాయ మూడో కుప్పలోదే, కానీ బీరపొట్టు పచ్చడి చేసే ఇంట్లో అది మొదటి కుప్పకు వస్తుంది. నిమ్మకాయ రసం పిండుకునే వారికి మామూలు నిమ్మ చాలు. తొక్కతో ఊరగాయ పెట్టేవారు మాత్రం ఏడాదికోసారి మంచి కాయ కొనడం మేలు, ఆ జాడీ ఏడాదంతా తింటారు కాబట్టి. ఆవకాయ మామిడికీ అదే మాట.

బియ్యం విషయంలో చిన్న మెలిక ఉంది. ధాన్యం మీది అవశేషాలు ఎక్కువగా తవుడు పొరలో చేరతాయి. తెల్ల బియ్యం తినేవారి కంటే దంపుడు బియ్యం తినేవారికి సేంద్రియ ధాన్యం ఎక్కువ అవసరం. ఆరోగ్యం కోసమని ముడి బియ్యానికి మారి, అది ఎక్కడ పండిందో అడగకపోవడం సగం పనే.

## 3. బజారులో చేయాల్సింది

ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ వంటి రైతుబజార్లలో అమ్మే సరుకంతా సేంద్రియమని కొందరు అనుకుంటారు. కాదు. అక్కడి లాభం వేరు: గుర్తింపు కార్డు ఉన్న రైతు ఎదురుగా కూర్చుని ఉంటాడు, అడిగితే జవాబు దొరుకుతుంది. బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్ వంటి టోకు మార్కెట్ల నుంచి వీధి బండికి వచ్చిన సరుకు చేతులు మారి, నాలుగైదు ఊళ్లది కలిసిపోయి ఉంటుంది. బండి అతన్ని మందు గురించి అడిగి లాభం లేదు, అతనికీ తెలియదు.

రైతు దగ్గర "మందు కొట్టారా?" అని అడగవద్దు. ఎవరైనా లేదనే అంటారు. "ఈసారి పచ్చదోమ ఎలా ఉంది? దేనికి తగ్గింది? చివరిసారి ఎప్పుడు కొట్టారు?" అని అడగండి. పచ్చదోమంటే ఆకుల రసం పీల్చే చిన్న పురుగు. పంట కష్టం గురించి అడిగితే రైతు మనసు విప్పి చెబుతాడు, మీకు కావలసింది ఆ మాటల్లోనే ఉంటుంది.

కాలానికి తగిన కూర కొనడం ఖర్చులేని జాగ్రత్త. మే నెలలో కాలీఫ్లవర్ పండించడానికి పడే తిప్పలు డిసెంబరులో ఉండవు.

ఆకుకూరలకు మరో జాగ్రత్త అవసరం. మూసీ వెంట మురుగు కలిసిన నీటితో పండే ఆకుకూరలూ నగరంలోకి వస్తాయి. అక్కడ పురుగుమందు కంటే సూక్ష్మక్రిముల బెడద ఎక్కువ. ఎక్కడిదో తెలియని పాలకూరను పచ్చిగా తినడం, స్మూతీల్లో వేసుకోవడం మానండి. ఉడికించి తినండి.

## 4. సరంజామా

- కూర పూర్తిగా మునిగేంత పెద్ద బేసిన్లు 2
- చిల్లుల గిన్నె
- కూరగాయలకే కేటాయించిన మెత్తని బ్రష్ (కొత్త టూత్‌బ్రష్ చాలు)
- ఆరబెట్టడానికి ఉతికిన నూలు గుడ్డలు
- వంట సోడా, కళ్లుప్పు లేదా చింతపండు

వేల రూపాయల ఓజోన్ యంత్రాలు, సీసాల్లో వచ్చే కూరగాయల ద్రవాలు ఈ జాబితాలో లేవు. అమెరికాలోని కనెటికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రం దుకాణాల్లో దొరికే అలాంటి ద్రవాలను, గిన్నెలు తోమే సబ్బునీటిని, వట్టి కుళాయి నీటిని పోల్చి చూసింది. ద్రవాలు నీళ్ల కంటే మెరుగని తేలలేదు.

## 5. కడిగే వరుస

ఏ నీళ్లు అన్నదాని కంటే ఏ వరుసలో అన్నది ముఖ్యం.

ఒకటి. కుళ్లినవి, పగిలినవి తీసేయండి. క్యాబేజీ పై రెండు మూడు ఆకులు, ఆకుకూరల వేళ్లు ముందే తొలగించండి. తొడిమలు, ముచ్చికలు ఇప్పుడే తీయవద్దు. తీస్తే ఆ గాయం నుంచి కడిగిన నీళ్లు లోపలికి పోతాయి.

రెండు. కుళాయి ధార కింద అరచేత్తో రుద్దుతూ కనీసం అర నిమిషం కడగండి. దుమ్ము, మట్టి, వదులుగా ఉన్న మందు ఇక్కడే పోతాయి. నేరుగా నానబెడితే ఆ మురికంతా బేసిన్‌లో కలిసి మళ్లీ కాయలకే పడుతుంది.

మూడు. నానబెట్టండి. కింది మూడింటిలో ఒకటి చాలు:

- లీటరు నీటికి 2 చిన్న చెంచాల వంట సోడా, 12 నుంచి 15 నిమిషాలు
- లీటరు నీటికి ఒక పెద్ద చెంచా నిండుగా ఉప్పు, 10 నుంచి 15 నిమిషాలు
- లీటరు నీటికి చిన్న నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసు, 10 నుంచి 15 నిమిషాలు

గట్టి కాయలకు, పండ్లకు నా ఓటు సోడాకే. చాలా మందులు క్షార గుణమున్న నీటిలో త్వరగా విరిగిపోతాయి. చింతపండు నీరు పెద్దలు చెప్పిన చిట్కా మాత్రమే కాదు, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా దాన్ని సిఫార్సు చేసింది. సోడా, చింతపండు రెండూ కలిపి మాత్రం వాడవద్దు. బుసబుస పొంగుతుంది, రెండింటి గుణమూ పోతుంది.

నాలుగు. బేసిన్ వంచి నీళ్లు పారబోయకండి. కాయల్ని, ఆకుల్ని చేతులతో పైకి తీసి చిల్లుల గిన్నెలో వేయండి. అడుగుకు దిగిన మట్టి అడుగునే ఉంటుంది.

ఐదు. మళ్లీ కుళాయి కింద కడగండి. సోడా, ఉప్పు మిగిలితే కూర రుచి చెడుతుంది.

ఆరు. గుడ్డ మీద పరిచి ఆరబెట్టండి. వీలైతే తుడవండి, తుడిస్తే మరికొంత పోతుంది.

ఏడు. ఇప్పుడు తొడిమ తీసి తరగండి.

నానబెట్టిన ఉప్పునీళ్లు తులసి కుండీలో పోయకండి, మొక్క దెబ్బతింటుంది.

## 6. ఒక్కోదానికి ఒక్కో తీరు

కరివేపాకు. మన వంటింట్లో అన్నిటికంటే తక్కువ కడిగేది ఇదే. పోపు మాడిపోతుంటే రెబ్బ దూసి నేరుగా నూనెలో వేస్తాం, తడి ఉంటే చిటపటలాడుతుందని కడగం. తెచ్చిన రోజే రెబ్బలు సోడా నీళ్లలో నానబెట్టి, కడిగి, ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టి, గుడ్డ పరిచిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పోపు వేళకు కడిగిన ఆకు సిద్ధంగా ఉంటుంది.

కొత్తిమీర, పుదీనా. దింపే ముందు పచ్చిగా చల్లుతాం కాబట్టి వీటికి రాయితీ లేదు. కట్ట విప్పండి. కట్టతోనే కడిగితే మధ్యలోని కాడలకు నీరు తగలదు. రెండు మూడు సార్లు ముంచి పైకి తీయండి.

పచ్చిమిర్చి. తొడిమ మొదట్లో మందు, దుమ్ము చేరతాయి. తొడిమతో నానబెట్టి, ఆ చోట వేలితో రుద్ది, ఆరాక తీసేయండి.

బెండ. "నానబెడితే జిగురు వస్తోంది" అన్న ఫిర్యాదు తరచూ వింటాను. జిగురుకు కారణం తడితో తరగడం. సాయంత్రం కడిగి రాత్రంతా గుడ్డ మీద ఆరనిచ్చి, పొద్దున తరిగితే వేపుడు పొడిపొడిగానే వస్తుంది.

వంకాయ. ముచ్చిక కింది అంచులో బ్రష్ తిప్పండి. గుత్తివంకాయకు కడిగి ఆరాకే గాట్లు పెట్టాలి. గాట్లు పెట్టాక ఉప్పునీళ్లలో వేయడం నల్లబడకుండా చేసే పని, దాన్ని కడగడం కింద లెక్కించవద్దు.

కాకర. బొడిపెల మధ్య బ్రష్ తప్పనిసరి. పైపైన చెక్కు గీస్తే ఇంకా మంచిది.

కాలీఫ్లవర్. పువ్వును రెమ్మలుగా విడదీసి గోరువెచ్చని ఉప్పునీళ్లలో వేస్తే పురుగులు తేలతాయి. రెండు నిమిషాలు వేడినీళ్లలో ఉంచి ఆ నీళ్లు పారబోయండి.

ద్రాక్ష. గుత్తి నుంచి కత్తెరతో ఒక్కో పండూ చిన్న కాడతో సహా వేరు చేసి నానబెట్టండి. పండు మీది తెల్లటి పొడి అంతా మందు కాదు, చాలావరకు దాని సహజమైన మైనమే. అయినా కడగాల్సిందే.

యాపిల్. మెరుపు కోసం మైనం పూస్తారు, తినదగిన మైనానికి అనుమతి ఉంది. మైనం కింద ఉన్నది నీళ్లకు అందదు. పిల్లలకు పెట్టేటప్పుడు తొక్క తీయండి.

పుచ్చ, బొప్పాయి. తొక్క తినం కదా అని నేరుగా కోయవద్దు. తొక్క మీదిది కత్తితో లోపలికి వస్తుంది.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

*తరిగి కడగడం.* విటమిన్లు నీళ్లపాలవుతాయి, నీళ్లలోని మందు ముక్కల్లోకి పోతుంది. ముందు కడగండి.

*సబ్బు, డిటర్జెంట్, బ్లీచింగ్.* ఆకులు, కాయల తొక్క సన్నని రంధ్రాలతో ఉంటుంది. అవి సబ్బును పీల్చుకుంటాయి. ఒక రసాయనాన్ని తీయబోయి మరోదాన్ని ఎక్కించడం తెలివైన పని కాదు.

*పసుపు నీళ్లతో సరిపెట్టడం.* పసుపు కలిపినంత మాత్రాన మందు అవశేషాలు పోతాయనుకోవద్దు. పోయేదల్లా నీళ్ల వల్లే.

*గంటల తరబడి నానబెట్టడం.* పావుగంట దాటితే పెద్దగా లాభం లేదు. ఆకుకూరలు వడలి, పోషకాలు పోతాయి.

*వారానికి సరిపడా కడిగి తడితోనే ఫ్రిజ్‌లో పెట్టడం.* రెండో రోజుకు జిగట పడుతుంది. పూర్తిగా ఆరబెట్టగలిగితేనే ముందుగా కడగండి, లేకపోతే వండే ముందు చాలు.

*ఉడికితే అంతా పోతుందన్న ధీమా.* కొన్ని మందులు వేడికి విరుగుతాయి, కొన్ని విరగవు. మాంకోజెబ్ అయితే వేడికి మరింత హానికరమైన పదార్థంగా మారుతుంది. కడిగాకే పొయ్యి మీద పెట్టాలి.

*నూనె దూదితో తుడిచి చూడటం.* దూదికి పచ్చ రంగు అంటితే కాయకు కృత్రిమ రంగు అద్దారని అర్థం. అది పురుగుమందు పరీక్ష కాదు. పురుగుమందును ఇంట్లో కంటితో, ముక్కుతో, ఫోనుతో కనిపెట్టలేం.

*పురుగు ఉంటే మందు కొట్టలేదనుకోవడం.* వంకాయలో కాయతొలుచు పురుగు లోపల దాక్కుంటుంది, పైన ఎంత కొట్టినా దానికి తగలదు. పురుగు పట్టిన తోటలోనే రైతు ఎక్కువసార్లు కొడతాడు. పుచ్చు వంకాయను సేంద్రియమని మురిసిపోయి కొనకండి.

## 8. "ఆర్గానిక్" బోర్డును పరీక్షించడం

సేంద్రియమంటే అవశేషాలు సున్నా అని కాదు. వేప మందులు, గంధకం, కొన్ని రాగి మందులు సేంద్రియ సాగులోనూ వాడతారు. పక్క పొలం నుంచి మందు గాలికి వచ్చి పడవచ్చు. అయినా తేడా పెద్దదే. 2012లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత అధ్యయనాలను కలిపి చూస్తే, అవశేషాలు కనిపించిన నమూనాలు మామూలు పంటలో 38 శాతం, సేంద్రియ పంటలో 7 శాతం. సేంద్రియ కూరనూ కడిగే వండాలి, మట్టి, ఎరువు అంటుకుని ఉంటాయి.

ప్యాకెట్ సరుకైతే వరుసగా ఇవి చూడండి:

- జైవిక్ భారత్ ముద్ర (సేంద్రియ ఆహారానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన గుర్తు)
- దానితో పాటు ఇండియా ఆర్గానిక్ లేదా పీజీఎస్ ఇండియా ఆర్గానిక్ ముద్ర
- 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య
- ధ్రువీకరణ సంస్థ పేరు, సంఖ్య

ఇండియా ఆర్గానిక్ అంటే బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసింది. పీజీఎస్ అంటే రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకున్నారు. రెండోది తక్కువ రకమేమీ కాదు, చిన్న రైతుకు అందుబాటులో ఉండేది అదే. పీజీఎస్ గ్రీన్ అని ఉంటే మాత్రం పొలం ఇంకా మారుతున్న దశలో ఉందని అర్థం. పూర్తి సేంద్రియ ధర అడిగితే ఇవ్వనక్కర లేదు.

విడిగా తూకం వేసి అమ్మే కూరగాయల దగ్గరే అసలు చిక్కు. గోడకు పటం కట్టిన ధ్రువపత్రం ఉంటుంది. దాన్ని దూరం నుంచి చూసి రావద్దు, దగ్గరికి వెళ్లి మూడు సంగతులు చదవండి: గడువు తేదీ, ఎవరి పేరు మీద ఉంది, ఏ పంటలకు ఇచ్చారు. కందిపప్పుకు, బియ్యానికి ఇచ్చిన పత్రాన్ని చూపించి బెండకాయలు అమ్మడం సులభం. పంటల జాబితాలో బెండ లేకపోతే ఆ పత్రం బెండకు పనికిరాదు.

పండించిన చిన్న రైతు, లేదా చిన్న రైతుల సంఘం, వినియోగదారుకు నేరుగా అమ్మితే ధ్రువీకరణ తప్పనిసరి కాదని నియమాలే మినహాయింపు ఇచ్చాయి. కాబట్టి చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి వారాంతాల్లో అపార్ట్‌మెంట్ ముందు బుట్టలు పెట్టే రైతు దగ్గర ముద్ర లేదని కొట్టిపారేయకండి. అక్కడ ఈ ప్రశ్నలు పనికొస్తాయి:

- ఏ ఊరు, ఎన్ని ఎకరాలు? ఒకసారి వచ్చి చూడవచ్చా?
- రసాయనాలు మానేసి ఎన్నేళ్లయింది? (ధ్రువీకరణ నియమాల ప్రకారం కూరగాయల వంటి పంటలకు కనీసం రెండేళ్ల మార్పిడి కాలం కావాలి)
- పచ్చదోమకు, కాయతొలుచు పురుగుకు ఏం వాడతారు?
- పక్క పొలం వారు మందు కొడితే ఏం చేస్తారు?
- ఈ వారం ఏవి లేవు, ఎందుకు?

నీమాస్త్రం (వేపాకుతో చేసే ద్రవం), దశపర్ణి కషాయం (పది రకాల ఆకులతో చేసేది), పురుగులు అతుక్కునే జిగురు అట్టలు, మగ పురుగుల్ని వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు అంటూ ఏది ఎప్పుడు వాడాడో చెప్పగలిగిన రైతును నమ్మవచ్చు. ఆఖరి ప్రశ్న నాకు ఇష్టం. నిజంగా పండించేవాడి దగ్గర ఏదో ఒకటి లేకుండా ఉంటుంది. ఏడాది పొడవునా అన్ని కూరలూ, అన్నీ ఒకే సైజులో దొరికే "సొంత తోట" దుకాణాన్ని అనుమానించండి.

నగరంలో రైతు సంఘాలే నడిపే అమ్మకాలూ ఉన్నాయి. సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో ఏర్పడిన సహజ ఆహారం అలాంటిదే. అక్కడైనా ఇవే ప్రశ్నలు అడగండి, అడిగితే చిన్నబుచ్చుకోరు.

మోసపోయే మాటలు మరికొన్ని: "నాటు" అంటే విత్తనం రకం, సాగు పద్ధతి కాదు. "హైడ్రోపోనిక్" అంటే మట్టి లేని సాగు, అది సేంద్రియం కాదు. "అవశేషరహితం" అంటే మందు కొట్టి, గడువు పాటించి, పరీక్ష చేయించామని చెప్పుకోవడం. నిజమైతే మంచిదే, పరీక్ష పత్రం అడగండి. పండు మీది స్టిక్కర్‌పై 9తో మొదలయ్యే ఐదంకెలు ఉంటే సేంద్రియమని అర్థం, కానీ ఆ అంకెలు స్వచ్ఛందంగా వేసేవి. మన బజారులో యాపిల్ మీద కనిపించే చాలా స్టిక్కర్లు వట్టి అలంకారం.

## 9. ఖర్చు లెక్క

నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి రోజుకు 400 గ్రాముల చొప్పున నెలకు సుమారు 48 కిలోల కూరగాయలు కావాలి. సేంద్రియానికి కిలోకు 30 రూపాయలు ఎక్కువ అనుకుందాం. అన్నీ అవే కొంటే అదనం 1,440 రూపాయలు. మొదటి కుప్పలోని 15 కిలోలకే పరిమితమైతే 450 రూపాయలు. అదీ కష్టమైతే ఆకులు, పచ్చిమిర్చి, పిల్లలు పచ్చిగా తినేవి చాలు. డబ్బు మిగుల్చుకోవడానికి కూరలు తగ్గించి సేంద్రియం కొనడం మాత్రం తప్పు లెక్క.

## 10. కుండీలో సులభంగా పెరిగేవి

కరివేపాకు, పుదీనా, పచ్చిమిర్చి. బాల్కనీలో రోజుకు నాలుగైదు గంటల ఎండ ఉంటే చాలు. ధనియాలు చల్లితే కొత్తిమీర నెలా నెలన్నరలో కోతకు వస్తుంది, మండు వేసవిలో తప్ప. బాల్కనీలో టమాటా, కాలీఫ్లవర్ జోలికి మొదట పోవద్దు, పురుగు పట్టి మీరే మందు కోసం పరుగెత్తుతారు.

## 11. అనుమానం గట్టిగా ఉంటే

ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు కూడా రుసుము చెల్లించి నమూనాను పరీక్ష చేయించవచ్చు. ఒక షరతు ఉంది: పరీక్షకు పంపుతున్నామని కొనేటప్పుడే అమ్మినవారికి చెప్పాలి. ప్రమాణాలకు విరుద్ధమని తేలితే రుసుము తిరిగి వస్తుంది. రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. ప్రైవేటు ప్రయోగశాలలో ఎన్నో మందులకు కలిపి చేసే పరీక్షకు వేల రూపాయలవుతుంది కాబట్టి, అపార్ట్‌మెంట్ సంఘం కలిసి ఒకే దుకాణం నుంచి కొంటుంటే తలా కొంత వేసుకుని చేయించడం నయం.

ముద్ర లేని ప్యాకెట్‌ను ఆర్గానిక్ అని అమ్మినా, గడువు తీరిన ధ్రువపత్రం చూపినా ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఉచిత నంబరు 1800112100కు, లేదా ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వెంట ఇవి ఉంచుకోండి:

- తేదీ ఉన్న బిల్లు
- ప్యాకెట్ రెండు వైపులా ఫొటోలు
- ధ్రువపత్రం ఫొటో, అందులోని సంఖ్య చదవగలిగేలా
- దుకాణం లైసెన్సు సంఖ్య

బిల్లు ఇవ్వని చోట సేంద్రియ ధర చెల్లించకండి.